గరాజ్‌లో మిషను చప్పుడు

శ్రీపతికి ఉద్యోగం ఇంటికే వచ్చిందన్న కబురు తెలియగానే ఆస్ట్రేలియాలో టూంగాబీ అనే శివారు పేటలో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలవాళ్ళూ అతన్ని అదృష్టవంతుడన్నారు. రైలెక్కే పని లేదు, టై కట్టుకునే పని లేదు, మధ్యాహ్నం ఇంట్లోనే వేడన్నం తినొచ్చు. అతని భార్య శేషుకుమారి కూడా అలాగే అనుకుంది. ఆ ఏడాది జనవరి నుంచీ అతను సోఫాలో కూర్చుని తెల్లవార్లూ టీవీ చూస్తూ, పగలంతా పడుకుంటూ ఉంటే చూసిన మనిషి ఆవిడ. ఏ పనైనా పనే అనిపించింది.

అతను ఆస్ట్రేలియా వచ్చింది బ్యాంకుల పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల నుంచి నాలుగంకెలకి మార్చడానికి. రెండువేల సంవత్సరం వచ్చింది. లైట్లు ఆరిపోలేదు, విమానాలు కూలిపోలేదు. ఆ పని చేసినవాళ్ళందరికీ ఆఫీసులో కేకు పెట్టి, నెల తిరక్కుండా ఇళ్ళకి పంపేశారు. జూలైలో జీఎస్టీ వచ్చింది. చిన్న చిన్న దుకాణాల వాళ్ళు లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక కంపెనీకి ఫోన్లు ఆగకుండా రావడం మొదలుపెట్టాయి. వాళ్ళ ఆఫీసులో కుర్చీలు చాలలేదు. కొంతమందిని ఇంట్లో కూర్చునే ఫోన్లు తీసుకోమన్నారు. అలా దొరికింది శ్రీపతికి. ప్రోగ్రాములు రాసిన మనిషి, పూలకొట్టు వాళ్ళకీ ప్లంబర్లకీ ఏ బటన్ నొక్కాలో చెప్పే పనికి ఒప్పుకున్నాడు.

వాళ్ళుండేది స్టేషన్ వెనక ఎర్ర ఇటుకల మూడంతస్తుల బిల్డింగులో, మొదటి అంతస్తులో, ఒక్క బెడ్‌రూమ్ యూనిట్. ఆ బెడ్‌రూమ్ ఆఫీసయింది. మంచం హాల్లోకి వచ్చింది. కంపెనీవాళ్ళు రెండో ఫోన్ లైను పెట్టించారు, హెడ్‌సెట్ పంపారు, ఒక షరతు కూడా పెట్టారు. ప్రతి కాల్ రికార్డవుతుంది. ఫోన్లో ఇంటి చప్పుళ్ళు వినపడకూడదు. కస్టమర్‌కి అవతల ఆఫీసు ఉందనే అనిపించాలి.

దాంతో ఆ ఇంట్లో రోజులు మారిపోయాయి. కుక్కర్ అటకెక్కింది. పోపు పొద్దున ఏడింటిలోపే పెట్టేసుకోవాలి. బాత్రూమ్‌లో నీళ్ళు వదలాలంటే బెడ్‌రూమ్ తలుపు దగ్గర చెవి పెట్టి, లోపల మాట ఆగిందో లేదో చూసుకోవాలి. బాల్కనీ రెయిలింగు మీద తెల్ల కాకటూలు వాలి గొంతు చించుకున్నా ఫరవాలేదు, అవతలివాళ్ళు నవ్వేవాళ్ళు. పక్షి అరుపు వింటే వాళ్ళకి ఇతను కూడా ఈ దేశపు మనిషే. పసిపిల్ల ఏడుపు వింటేనే తేడా వచ్చేది.

పసిపిల్ల లిఖిత. అప్పటికి మూడో ఏడు నడుస్తోంది. మాటలు ముద్దగా వస్తున్న రోజులు. ఆ పిల్ల నోరు తెరిచినప్పుడల్లా శేషుకుమారి పెదవుల మీద వేలు పెట్టేది. "నాన్న ఫోన్‌లో ఉన్నారమ్మా." మొదట్లో పిల్ల ఇంకా గట్టిగా అరిచేది. తలుపు తెరుచుకుని శ్రీపతి బయటికొచ్చేవాడు. తిట్టేవాడు కాదు. హెడ్‌సెట్ మెడకి వేలాడుతుంటే రెండు చేతులూ జోడించి నిలబడేవాడు, అంతే. తండ్రి అలా దణ్ణం పెట్టి నిలబడటం చూసి పిల్ల బెదిరిపోయేది. నెల తిరిగేసరికి లిఖిత గుసగుసలాడటం నేర్చుకుంది. ఆకలేస్తే గుసగుస. పడి మోకాలు గీరుకుపోతే నోరు తెరిచి, శబ్దం రాకుండా ఏడ్చేది.

"ఎంత బుద్ధిమంతురాలో," అన్నాడు శ్రీపతి ఒకరోజు మురిసిపోతూ. శేషుకుమారి కూడా తలూపింది.

అయినా భయమే. అందుకని పొద్దున టిఫిను కాగానే పిల్లని స్ట్రోలర్‌లో వేసుకుని బయటపడేది. లైబ్రరీకి వెళ్ళేది. షాపింగ్ సెంటర్లో ఏమీ కొనకుండా చివరిదాకా నడిచి మళ్ళీ మొదటికొచ్చేది. ఎండుంటే వాగు పక్కన పార్కు. ఆ దేశంలో అది చలికాలం, ఐదున్నరకల్లా చీకటి పడేది. నడివయసు ఆడవాళ్ళెవరైనా పలకరించి "హౌ ఆర్ యు, లవ్?" అంటే బదులు చెప్పడానికి గొంతు పెగిలేది కాదు. పగలంతా తనూ గుసగుసల్లోనే మాట్లాడుతోందని ఆమెకప్పుడు తట్టింది.

ఒకరోజు వాన పట్టుకుంది. వెళ్ళడానికి చోటు లేక, ఇంట్లోకి పోలేక, కింద మెట్ల మీద పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కనున్న గరాజ్ తలుపు సగం పైకి లేచింది. ఒకావిడ వంగి చూసింది. తల మీద దుపట్టా, మెడలో టేపు, వేలికి దారం చుట్టుకుని ఉంది.

"ఏందిమ్మా, వానలో ఆ మెట్ల మింద కూర్చుంటివి? బీగం చెవి మర్చిపోయినావా?"

శేషుకుమారి ఉలిక్కిపడింది. "మీరు తెలుగువాళ్ళా ఆంటీ?"

"ప్రొద్దుటూరు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. పేరు జాహిదా. నీ చీర చూసి ఎప్పుడో అనుకుంటి మనోళ్ళే అని."

"మా ఆయన వర్క్‌లో ఉన్నారండీ, ఇంట్లోనే. ఫోన్ మీద. పాప మాట్లాడితే వినిపిస్తుందని…"

జాహిదా నవ్వింది. "నేనూ ఇంటికాడే వర్కు. నా దాంట్లో ఎంత అరిసినా ఎవురికీ వినిపీదు. రాండి లోపలికి."

గరాజ్‌లో కారు లేదు. రెండు పెద్ద కుట్టుమిషన్లు, ఒక రాడ్ హీటర్, గోడ పొడుగునా నీలంరంగు గుడ్డల కట్టలు. స్కూలు యూనిఫారాల కాలర్లు. సోమవారం ఒక వ్యాన్ వచ్చి కత్తిరించిన ముక్కలు పడేసి పోతుంది, శుక్రవారం వచ్చి కుట్టినవి పట్టుకుపోతుంది. జాహిదా భర్త బహదూర్ ట్యాక్సీ నడిపేవాడు. నడుము పట్టేసి రెండేళ్ళుగా కింది యూనిట్లో మంచానికే అతుక్కుపోయాడు. ఇల్లు ఆ మిషన్ల మీదే నడుస్తోంది. జాహిదా కాలు నొక్కితే గరాజ్ మొత్తం ఒక్కసారిగా గుయ్యిమంటూ అదిరింది. లిఖిత తల్లి మెడ పట్టుకుని ముఖం దాచుకుంది.

వారం పట్టింది పిల్లకి అలవాటు కావడానికి. తర్వాత ఒకరోజు జాహిదా కుడుతుంటే లిఖిత దారపు రీళ్ళవైపు చూపిస్తూ ఏదో గొణిగింది. "ఏందే? వినపడలే!" అంది జాహిదా మిషను నడుపుతూనే. మళ్ళీ గొణిగింది. "వినపడలే!" పిల్ల పిడికిళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, "బ్లూ దారం!" అని అరిచింది. ఆ అరుపుకి తనే అదిరిపడి తల్లివైపు చూసింది. శేషుకుమారి వేలు అలవాటుగా పెదవులదాకా వెళ్ళి ఆగిపోయింది. జాహిదా విరగబడి నవ్వింది. ఆ నవ్వుకి శేషుకుమారికీ నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి.

అప్పటినుంచీ వాళ్ళ పగళ్ళు గరాజ్‌లోనే. శేషుకుమారి కాలర్లకి దారపు కొసలు కత్తిరించి పెట్టేది. ఇద్దరూ మిషను మీదుగా కేకలు వేసుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు. లిఖిత గుడ్డల కట్టలెక్కి పాటలు పాడేది, పడిపోతే లబలబలాడేది, మళ్ళీ లేచేది. సాయంత్రం పైకెళ్ళే ముందు మెట్ల దగ్గర తనంతట తనే నోటి మీద వేలు పెట్టుకునేది.

వసంతం వచ్చింది. ఒలింపిక్స్ అయిపోయాయి. జనవరిలో స్కూళ్ళు తెరుస్తారని నవంబరులో యూనిఫారాల పని రెట్టింపయింది. జాహిదా పొద్దున కూర్చుంటే మిషను ఆపేది కాదు. ఆ గరాజ్ సరిగ్గా శ్రీపతి గది కిందే ఉంది. ఇన్నాళ్ళూ ఆగాగి వచ్చిన అదురు ఇప్పుడు తెరపి లేకుండా గోడల్లోంచి పాకి అతని బల్ల మీదికి, అక్కణ్ణుంచి హెడ్‌సెట్‌లోకి ఎక్కింది.

ఒకరోజు అతను గదిలోంచి బయటికొచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది. సూపర్‌వైజర్ కాల్ చేసిందట. "నువ్వేమైనా ఫ్యాక్టరీలో కూర్చున్నావా?" అని అడిగిందట. నవ్వుతూనే అడిగిందిగానీ, రికార్డింగులు వింటున్నామంది. అతను నేల మీద పరుపు పరిచాడు, బల్ల కాళ్ళకింద తువ్వాళ్ళు మడిచి పెట్టాడు. పదిరోజుల తర్వాత మళ్ళీ కాల్ వచ్చింది. ఈసారి ఆవిడ నవ్వలేదు.

"శేషూ, ఆ కిందావిడకి చెప్పు, పగటిపూట ఆపమని."

"పగలు ఆపితే ఇంకెప్పుడు కుడుతుందండీ? శుక్రవారం వ్యాన్ వచ్చేస్తుంది."

"మరి నా ఉద్యోగం?"

శేషుకుమారి ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"పర్మినెంట్ కాదే నాది. ఇది పోతే మళ్ళీ ఆ సోఫాలో కూర్చోవాలి. నావల్ల కాదు," అన్నాడు శ్రీపతి. "ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంట్‌కి ఫోన్ చేస్తాను. గరాజ్‌లో బిజినెస్ నడపకూడదని రూలుంది. మన పేరు చెప్పక్కర్లేదట."

"వద్దండీ," అంది.

అతను ఆగాడు. ఆమె ఇంకేమన్నా అంటుందేమోనని చూశాడు. శేషుకుమారి లిఖిత గౌనొకటి తీసి, చేత్తో సాపు చేసి, మడిచి, ఇంకోటి తీసింది. వద్దన్నాను కదా అని తనకి తాను చెప్పుకుంది. సోఫాలో అతను గడిపిన ఆ రోజులు కళ్ళముందు కదిలాయి. అతను గదిలోకెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మర్నాడు ఆమె గరాజ్‌కి వెళ్ళింది. చెబుదామనుకునే వెళ్ళింది. మిషను చప్పుడులో ఆ మాట అరిచి చెప్పాల్సొచ్చేది. అలాంటి మాట అరిచి ఎలా చెబుతారు? దారపు కొసలు కత్తిరించి వచ్చేసింది.

ఏజెంట్ స్వయంగా వచ్చాడు. గరాజ్ తలుపెత్తి చూసి, ఫొటోలు తీసుకుని, రెండు వారాల్లో మిషన్లు తీసేయాలి, లేకపోతే యూనిట్ ఖాళీ చేయాలి అని చెప్పి పోయాడు. ఎవరు చెప్పారని జాహిదా అడిగితే, బిల్డింగులో వాళ్ళే అన్నాడు.

ఆ సాయంత్రం జాహిదా పైకొచ్చింది. రంజాన్ ఉపవాసాల నెల. తెల్లవారినప్పటినుంచి నోట్లో చుక్క నీళ్ళు లేవు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అయినా లిఖితకని గిన్నెలో సేమ్యా పాయసం తెచ్చింది.

"ఆ మూడో అంతస్తు ముసిలాయనే చెప్పింటాడు. మొన్న లిఫ్టు లేదని నా మింద గొణుక్కుంటా ఎక్కినాడు. పలకరించడం కూడా మానేసినా ఆయన్ని." కుర్చీ అంచున కూర్చుంది. "శేషమ్మా, మీ ఆయనకి ఇంగ్లీషు బాగా వస్తాది గదా. ఏజెంటుకి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పమను. జనవరి దాకా టైము ఇస్తే చాలు. మేము మాట్లాడితే ఆయప్ప వినడు. మీ ఆయన మాట్లాడితే వింటాడు."

శ్రీపతి గది గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. అతని చేయి తలుపు పిడి మీదే ఉంది. "అలాగేనండీ. మాట్లాడతాను," అన్నాడు. లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు.

నిమిషం గడవకముందే, బయటికి బెల్లు వినపడకుండా, హెడ్‌సెట్‌లోకి కాల్ వచ్చింది. అతని ఇంగ్లీషు మొదలైంది. ఓపికగా, మర్యాదగా, మధ్యమధ్యలో చిన్నగా నవ్వుతూ. శేషుకుమారికి ప్రతి మాటా అర్థమవుతూనే ఉంది. న్యూకాజిల్‌లో ఎవరో బేకరీ ఆవిడ. మూణ్ణెల్ల జీఎస్టీ లెక్క కుదరడం లేదట. "వెనక్కి వెళ్ళండి… అదే… ఇప్పుడు రెండో పేజీ చూడండి… కంగారేం లేదు, నేనున్నాను కదా," అంటున్నాడు. రెండు గదుల మధ్య మూసిన తలుపులోంచి వచ్చే ఆ ఇంగ్లీషులో జాహిదాకి మాటలు అందలేదు, స్వరం మాత్రం అందింది. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో కట్టుకుని, తల ఒక పక్కకి వాల్చి వింటోంది.

"ఎంత బాగా మాట్లాడతాండాడమ్మా," అంది మెల్లగా. "ఎంత ఓపిక!"

శేషుకుమారి నోరు తెరిచింది. లిఖిత వచ్చి ఆమె మోకాలు పట్టుకుంది. లోపల శ్రీపతి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె లేచి పాయసం గిన్నె వంటింట్లో పెట్టొచ్చింది.

చాలాసేపటికి అతను బయటికొచ్చాడు. ఇద్దరూ తనవైపే చూస్తున్నారు. జాహిదా లేచి నిలబడింది. ఆవిడ ఏమనుకుంటోందో అతనికి ఒక్క క్షణంలో అర్థమైంది. అది కాదని చెప్పడానికి అదే సమయం. శ్రీపతి మెడలోని హెడ్‌సెట్ తీసి చేతిలో పట్టుకుని నేలవైపు చూశాడు.

"వాళ్ళు ఒప్పుకోవట్లేదండీ," అన్నాడు.

"పోనీలే నాయనా. నీ ప్రయత్నం నువ్వు చేసినావు. అంతసేపు ఎవురు మాట్లాడతారు మాకోసం?" అంది జాహిదా. వెళ్తూ వెళ్తూ లిఖిత తల నిమిరింది.

ఆ రాత్రి భార్యాభర్తలు ఆ విషయం ఎత్తలేదు. తర్వాతా ఎత్తలేదు. మిషన్లు ఎవరికో అమ్మేశారు. అవి లేక అద్దె కట్టే దారి కనపడక, రంజాన్ పండక్కి ముందే జాహిదావాళ్ళు లిడ్‌కమ్‌లో బంధువుల ఇంటి వెనక గదికి మారిపోయారు. సామాన్లు ఎక్కిస్తున్న రోజు బహదూర్ ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ కుర్చీలో నడుము పట్టుకుని కూర్చున్నాడు. శ్రీపతి ఫోన్ మీద ఉన్నాడు. శేషుకుమారి దిగి వెళ్ళి, దిండ్లు రెండు మోసి, జాహిదా ఇచ్చిన అడ్రసు తీసుకుంది.

ఇల్లు నిశ్శబ్దమైంది. సూపర్‌వైజర్ మెచ్చుకుంది. ఫిబ్రవరిలో లిఖితని ప్రీస్కూల్‌లో వేశారు. కొన్నాళ్ళకి టీచర్ పిలిపించింది. పిల్ల మాట్లాడటం లేదట. అందరితో కలిసి పాటకి పెదవులు కదుపుతుంది, శబ్దం రాదు. తోటి పిల్లవాడు లిఖిత వేలు తలుపులో నొక్కేస్తే, వేలు నలిగిపోతున్నా అరవలేదట. ఎవరో చూసి తలుపు తీసేదాకా అలాగే నిలబడి ఉందట. చెవులు పరీక్ష చేయించారు. బాగున్నాయి. క్లినిక్‌లో నర్సు శేషుకుమారిని కూర్చోబెట్టి, "ఇంట్లో ఎవరైనా జబ్బుగా ఉన్నారా? పిల్లని చప్పుడు చేయొద్దంటున్నారా?" అని అడిగింది. శేషుకుమారి లేదంది.

మళ్ళీ జూన్ వచ్చేసరికి జీఎస్టీ దేశానికి అలవాటైపోయింది. ఫోన్లు పలచబడ్డాయి. ఇళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళందరినీ ఒక్కసారే తీసేశారు. కొరియర్ మనిషి వచ్చి హెడ్‌సెట్ పట్టుకుపోయాడు. ఆ వేళ శ్రీపతి బెడ్‌రూమ్ తలుపు బార్లా తీసి, కూతుర్ని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద నిలబెట్టాడు.

"ఇంక ఫోన్ లేదమ్మా. అరువు. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా అరువు."

లిఖిత గదంతా చూసింది. తండ్రి మెడ చుట్టూ చేతులు వేసి, అతని చెవిలో, "వై, నాన్నా?" అంది. ఆ గాలి తప్ప శబ్దం లేదు.

మరుసటి వారం శేషుకుమారి అడ్రసు పట్టుకుని లిఖితతో లిడ్‌కమ్ వెళ్ళింది. ఆ ఇంట్లో బహదూర్ ఒక్కడే ఉన్నాడు. జాహిదా కోడిమాంసం ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టుకి పోతోందనీ, ఇప్పుడే బస్‌స్టాప్‌కి వెళ్ళిందనీ చెప్పాడు. శేషుకుమారి పిల్లని చంకనేసుకుని పరుగులాంటి నడక నడిచింది.

జాహిదా బెంచీ మీద కూర్చుని ఉంది. మనిషి చిక్కిపోయింది. చలికి వేళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. వీళ్ళని చూసి ముఖం వెలిగింది. "బ్లూ దారం! ఎంత పెద్దదైపోయినావే!" అని చేతులు చాచింది. లిఖిత తల్లి వెనక నక్కింది.

కూర్చోకుండానే శేషుకుమారి మొదలుపెట్టింది. ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. ఏజెంట్‌కి ఫోన్ చేసింది ముసలాయన కాదనీ, శ్రీపతేననీ చెప్పింది. అతను చేస్తాడని తనకి ముందే తెలుసని చెప్పింది. ఆ సాయంత్రం తలుపు వెనక అతను మాట్లాడింది ఏజెంట్‌తో కాదనీ, ఎవరో బేకరీ ఆవిడతో అనీ చెప్పింది.

జాహిదా విన్నది. చేతులు ఒళ్ళోకి తీసేసుకుంది. రోడ్డుకవతల లారీలు పోతున్నాయి.

"మేము ఇల్లు ఇడిసి పోయేటప్పుడు కూడా ఆ ముసిలాయన నాకు చెయ్యి ఊపినాడు," అంది చివరికి. "నేను ముఖం తిప్పుకుంటి."

"ఆంటీ, నన్ను…"

"ఎందుకు చెప్పినావు శేషమ్మా?" కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "మిషన్లు పాయె, ఇల్లు పాయె. అయినా ఈ దేశంలో ఒకడు తలుపు మూసుకుని నాకోసం అంతసేపు మాట్లాడినాడే అనుకుంటా ఉంటి. ఆ ఫ్యాక్టరీ చల్ల గదిలో నిలబడుకున్నప్పుడు అది గుర్తుకొస్తాండె. అదొక్కటన్నా ఉండనీకపోతివా?"

శేషుకుమారి లిఖితని ముందుకి తీసుకుంది. పిల్ల మాట్లాడటం లేదని చెబుదామనుకుంది. అదిప్పుడు చెబితే జాలి కోసం చెప్పినట్టుంటుందని ఆగిపోయింది. బస్సు వచ్చింది. జాహిదా సంచీ తీసుకుని లేచింది. లిఖిత దగ్గర ఒక్క క్షణం ఆగి, తల మీద చెయ్యి పెట్టబోయి, డ్రైవర్ చూస్తున్నాడని ఎక్కేసింది. కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలేదాకా ఇటు చూడలేదు.

వాళ్ళు ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. శ్రీపతి హాల్లో మంచం మీద కూర్చుని పేపర్లో ఉద్యోగాల పేజీ చూస్తున్నాడు.

"ఎక్కడికెళ్ళారు?"

"లిడ్‌కమ్."

అతను పేపర్ పక్కన పెట్టాడు. ఏమందని అడగలేదు. మంచం దిగి, నేల మీద కూర్చుని, లిఖిత బూట్ల లేసులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. శేషుకుమారి గుమ్మంలోనే నిలబడి చూసింది. తర్వాత స్వెటర్ విప్పి, బియ్యం కడగడానికి వెళ్ళింది.